బస్సులో ఎత్తిన చెయ్యి

మొన్న ఆదివారం పొద్దున మా కోడలు నన్ను పిలిచి తన ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. తనూ ఒకప్పటి నాలాగే ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. పాఠం ఎలా చెప్పాలో అధ్యాపకులకు నేర్పే శిక్షణ ఒకటి ఇంట్లో కూర్చునే వినాలట, విన్నట్టు సర్టిఫికెట్ ఉంటే తప్ప ప్రమోషన్ మాట ఎత్తరట. వారమంతా క్లాసులు చెప్పి అలిసిపోయిన పిల్ల, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి, "అత్తమ్మా, జర ఇక్కడ కూసోండ్రి, నా పేరు పిలిస్తే చెప్పుండ్రి" అని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. తెర నిండా నల్లటి గళ్ళు, గడికొక పేరు, ఒక్క మొహమూ లేదు. ఎవరో ఒకాయన ఇంగ్లీషులో ధారాళంగా చెప్పుకుపోతున్నాడు. కింద ఒక మూల పసుపు రంగు చెయ్యి బొమ్మ కనిపిస్తే అదేమిటని అడిగాను. సందేహం ఉన్నవాళ్ళు దాన్ని నొక్కితే చెయ్యెత్తినట్టని, కానీ ఎవరూ నొక్కరనీ వంటింట్లోంచే చెప్పింది. ఆ బొమ్మ చూస్తుంటే నాకు మా పెద్దసారు చెయ్యి గుర్తొచ్చింది.

హైదరాబాద్ నాలుగు దిక్కులా పొంగిపోతున్న ఆ రోజుల గురించి నా ఈడు వాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేముంది. ఇబ్రహీంపట్నం చుట్టూ నిన్న జొన్నచేను ఉన్నచోట ఇవాళ తెల్ల రాళ్ళు పాతి ప్లాట్లు చేసేవాళ్ళు, ఆ పక్కనే నాలుగంతస్తుల ఇంజనీరింగ్ కాలేజీ లేచేది. ఆదిభట్లలో ఇంకా కంపెనీ బస్సులు తిరగని కాలం అది. ప్రతి ఇంట్లో ఒక పిల్లవాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గురించి కలలు కంటుంటే, వాళ్ళకు చదువు చెప్పే మనుషులు దొరక్క కాలేజీలు మా వంటి కొత్తవాళ్ళను పిలిచి మరీ కొలువిచ్చేవి. అట్లా నేను ఎమ్మెస్సీ లెక్కలు పూర్తిచేసి, పెళ్ళయి హయత్‌నగర్‌లో కాపురముంటూ, నా పుట్టినూరి పొలిమేరలోనే లెక్చరర్‌గా చేరాను. మా బాపు ఆనందం చూడాలి. ఇబ్రహీంపట్నం బస్టాండులో కనిపించిన ప్రతివాళ్ళనూ ఆపి, "మా బిడ్డ గీ కాలేజిలనే పాఠం చెప్తది" అనేవాడు. అడగనివాళ్ళకు రెండుసార్లు చెప్పేవాడు.

పాఠం చెప్పడం నాకు వచ్చా అని మాత్రం ఎవరూ అడగలేదు. కాలేజీ తెరవకముందు మూడు రోజులు శిక్షణ అన్నారు. పట్నం నుంచి నిపుణుడొకరు వచ్చి హాలులో దీపాలార్పి స్లయిడ్లు చూపించారు. జూన్ ఉక్కలో, చీకట్లో, మెత్తటి కుర్చీలో మనిషి ఏం చేస్తాడో అదే మేమూ చేశాం. సమోసాల వేళకు లేచాం. ఆఖరున సర్టిఫికెట్లు పట్టుకుని వరసగా నిలబడి ఫోటో దిగాం. నేర్చుకున్నదేమిటంటే ఆ సమోసాలు మాత్రం బాగున్నాయని.

నాకు లెక్కలు వచ్చు, ఆ గర్వమూ ఉండేది. క్లాసులోకి వెళ్ళీవెళ్ళగానే బోర్డు వైపు తిరిగి, ఒక చివర మొదలుపెట్టి ఇంకో చివరిదాకా నింపి, తుడిచి మళ్ళీ నింపేదాన్ని. వెనక చప్పుడు లేకపోతే అందరికీ అర్థమవుతోందనుకునేదాన్ని. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పల్లె పిల్లలు కిక్కురుమనకుండా బోర్డు మీదున్నది నోట్సులోకి ఎక్కించుకునేవాళ్ళు. చివరికి ఆ పిల్లలే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, మేడమ్ పాఠం ఒక్క ముక్క అర్థం కావడం లేదని చెప్పి వచ్చారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, దసరా సెలవులకు ముందు తానే వచ్చి నా క్లాసులో కూర్చుంటాననీ, అప్పటికీ ఇట్లాగే ఉంటే ఇంకొకరిని చూసుకుంటామనీ మెత్తగానే చెప్పారు. ఉద్యోగం పోతే ఇంకో కాలేజీ దొరికేదేమో గానీ, బాపు ఆ బస్టాండుకు మళ్ళీ ఏ మొహంతో వెళ్తాడన్నదే నాకు పెద్ద బెంగ. ఇంట్లో చెప్పలేదు.

మా శాఖకు పెద్ద అయినాయన సర్కారు కాలేజీలో జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరై వచ్చినవారు. మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ఆయనా హయత్‌నగర్‌లోనే స్టాఫ్ బస్సు ఎక్కేవారు. కోహెడ మీదుగా వెళ్ళే ఆ బస్సులో ఆయన పెట్టిన ఆనవాయితీ ఒకటుండేది. కొత్తగా చేరినవాళ్ళు సీట్ల మధ్య కడ్డీ పట్టుకుని నిలబడి, ఆ రోజు క్లాసులో చెప్పబోయే పాఠం అందరికీ చెప్పాలి. బోర్డు లేదు, సుద్దముక్క లేదు, తిరిగి నిలబడడానికి గోడ లేదు. కెమిస్ట్రీ మేడమ్, ఇంగ్లీషు సారు, ఆటలు నేర్పే సారు అందరూ వినేవాళ్ళు. అర్థం కానివాళ్ళు చెయ్యెత్తాలి. అందరికంటే ముందు లేచే చెయ్యి ఎప్పుడూ పెద్దసారుదే.

నా వంతు వచ్చినరోజు లిమిట్ అంటే ఏమిటో, ఒక విలువ సున్నాను తాకకుండా దాని దగ్గరదగ్గరికి పోతే ఏమవుతుందో చెప్పాను. చెప్పడమేమిటి, పుస్తకంలోని నిర్వచనం అప్పజెప్పాను. ఆయన చెయ్యి లేచింది. "సమజ్ కాలేదమ్మా. సున్నా దగ్గరికి పోవుడెందుకు, సున్నానే పెడితే అయిపాయె గద?" అన్నారు. నేను పుట్టకముందు నుంచి ఈ పాఠం చెప్పిన మనిషికి అర్థం కాలేదంటే ఎవరు నమ్ముతారు? నలుగురిలో నన్ను ఆటపట్టిస్తున్నారనుకుని ఒళ్ళు మండింది. అదే నిర్వచనం ఇంకాస్త గట్టిగా చెప్పాను. చెయ్యి దిగలేదు. మర్నాడూ నన్నే నిలబెట్టారు, మళ్ళీ అంతే. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను, ఆయన చూసీ చూడనట్టున్నారు.

ఆ తర్వాతి రోజు కడ్డీ పట్టుకుని నిలబడి వెనక్కి తిరిగి చూస్తే డ్రైవరు ముందున్న స్పీడు ముల్లు కనిపించింది. ఎందుకు తోచిందో గానీ దాన్నే పట్టుకున్నాను. హయత్‌నగర్ నుంచి కోహెడకు ఎంత దూరమో, ఎంతసేపు పట్టిందో తెలిస్తే మొత్తం మీద సగటు వేగం తెలుస్తుంది, మరి ఆ ముల్లు చూపేది ఈ క్షణపు వేగం కదా, అదెట్లా తెలుస్తుంది అన్నాను. సమయాన్ని తగ్గిస్తూ, ఇంకా తగ్గిస్తూ చూడాలి, సున్నా చేస్తే మాత్రం బస్సు కదిలిన దూరమూ సున్నాయే, ఇక దేన్ని దేనితో భాగిస్తాం, అందుకే దగ్గరికి పోవాలి అన్నాను. ఆటల సారు సీట్లోంచి లేచి ముల్లు వైపు తొంగి చూశారు. పెద్దసారు చెయ్యి దించి, బాగుందని కూడా అనకుండా, కళ్ళజోడు తుడుచుకున్నారు.

ప్రిన్సిపాల్ వచ్చినరోజు ఆయన పక్కనే పెద్దసారు కూడా ఆఖరి బెంచీ మీద కూర్చున్నారు. బస్సు పాఠమే చెప్పి, అర్థమైందా అని అడిగాను. క్లాసంతా తల ఊపింది. అప్పుడు లేచింది ఆ చెయ్యి! "నాకు సమజ్ కాలేదమ్మా, మల్లొకసారి చెప్పు" అన్నారు. ప్రిన్సిపాల్ ముందు, ఆ మాట! నా పని అయిపోయిందనుకున్నాను. తప్పేదేముందని బోర్డు వదిలి బెంచీల మధ్యకు నడిచి మళ్ళీ మొదలుపెట్టాను. సగంలో ఉండగా, ఎన్నడూ నోరు విప్పని పిల్ల ఒకతె భయంభయంగా చెయ్యెత్తి, "నాక్కూడ సమజ్ కాలే మేడమ్" అంది. దాని వెనక ఇంకొకడు, వాడి పక్కన ఇంకొకడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ప్రిన్సిపాల్ నా వైపు తలాడించి వెళ్ళిపోయారు. దసరా తర్వాత కూడా బాపు బస్టాండులో అదే మాట చెప్పుకున్నాడు. ఆయనకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

ముప్పయ్యేళ్ళు తెలిసిన పాఠాన్ని తెలియదనడానికి ఎంత పెద్ద మనసుండాలో నాకు చాలా ఏళ్ళకు గానీ తెలిసిరాలేదు. పెద్దసారు పోయారు. లెక్చరర్లకు సొంత కార్లొచ్చాయి, ఎవరి పాఠం ఎవరూ వినే వీలు లేకుండా పోయింది. కోడలి శిక్షణలో చెప్పేవన్నీ మంచి మాటలే, కాదనను.

తెరమీది ఆయన ఆగి, అందరికీ అర్థమైందా అని అడిగాడు. నల్లటి గళ్ళు ఒక్కటీ కదల్లేదు. నాకు నిజంగానే సగం అర్థం కాలేదు. ఆ పసుపు చెయ్యి మీద నొక్కాను. టింగుమని చప్పుడై, తెర మీద మా కోడలి పేరు పక్కన చెయ్యి లేచింది, అన్ని పేర్లలో అదొక్కటే. గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది పిల్ల. "అయ్యో అత్తమ్మా, దించుండ్రి, దించుండ్రి! అందరు చూస్తరు!"

అందరూ చూడాలనే కదా పెద్దసారు ఎత్తేవారు అనబోయి, దాని కంగారు చూసి ఊరుకున్నాను. ఎట్లా దించాలో అదే చూపించింది. దించేశాను.