ఏదైనా సరే అన్న పిల్ల

సీతాఫలాల కాలం వస్తే పాన్‌గల్‌లోని మా ఇంటి మూలగది ఇప్పటికీ ఆ తీపి వాసనతో నిండిపోతుంది. కళ్లు విచ్చిన కాయలను వెదురుగంపలో వరిగడ్డి పరిచి పేర్చి, మళ్లీ గడ్డి కప్పి, మూడోనాడు పొద్దున్నే తీసి చూస్తే వేలికి మెత్తగా తగులుతాయి. తినేదాన్ని నేనొక్కదాన్నే అయినా గంప మార్చలేదు. గడ్డి తొలగించగానే వచ్చే ఆ వెచ్చటి వాసనలో నా చిన్నతనమూ, నా మనవరాలు శిరీష చిన్నతనమూ కలిసే ఉన్నాయి.

మా అమ్మది ఒక పద్ధతి. రెండు పండ్లు ముందు పెట్టి ఏది కావాలని అడిగేది. పెద్దదాన్ని చూపించిన పిల్లకు చిన్నది దక్కేది. చేతులు కట్టుకుని "ఏదైనా సరే" అన్న పిల్లకు పెద్దది. పిల్ల మనసులో ఏముందో అడగకుండా తెలుసుకోవలసింది పెద్దవాళ్లేనని ఆమె నమ్మకం. పండగ గౌను రంగుకూ, పూర్ణం పెట్టిన పోలె మీద పోసే నెయ్యికీ అదే న్యాయం. నేనూ పిల్లలను అలాగే పెంచాను.

నా బిడ్డ, శిరీష తల్లి, పచ్చకామెర్లతో పోయింది తొంభైతొమ్మిదిలో. రెండు వేలలో అని మా తమ్ముడంటాడు గానీ అది తప్పు, అప్పటికి శిరీషకు సరిగ్గా రెండేళ్లు. ఇటిక్యాల నుంచి వచ్చిన అల్లుడు "నీ కాడనే ఉండనీ అత్తా, నేనొక్కణ్ణి ఎట్ల సాకుత" అని పిల్లను నా ఒళ్లో పెట్టి వెళ్లాడు. ఆ తరువాతి ఏళ్లు ఎండాకాలం వాకిట్లో చింతగింజల ఆటతో, వానాకాలం పొయ్యిమీది జొన్నరొట్టె ఆవిరితో, బొడ్డెమ్మ చుట్టూ తిరిగే ఆడపిల్లల పాటలతో, చలికాలం మంగలంలో వేగే పల్లీల చిటపటలతో గడిచాయి. సీతాఫలాలప్పుడు శిరీష గంప ముందు బుద్ధిగా కూర్చుని, "ఏదైనా సరే అవ్వా. గని గా పెద్దది జర ఎక్కువ మెత్తగైనట్టుంది, పాడైతదేమో చూడు" అనేది. నేను నవ్వు ఆపుకుని పెద్దదే ఇచ్చేదాన్ని.

అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. రెండు వేల ఐదులో పిల్లను పంపమన్నాడు. నేను పంపనంటే కోర్టుకు వెళ్లాడు. చెడ్డవాడు కాదు. "నా బిడ్డ నాకు కావాలె అత్తా, గంతే" అన్నాడు. మా వకీలు మాత్రం దాచకుండా చెప్పాడు: "తల్లి లేనప్పుడు తండ్రిదే హక్కమ్మా. పిల్ల తన నోటితోని నీ కాడుంట అంటెనే మనకు ఏమన్న ఆశ." ఏమనాలో పిల్లకు నేర్పడం నాకు తప్పనిపించింది. "నీకెట్లుంటె గట్ల చెప్పు బిడ్డా" అని మాత్రం అన్నాను.

దసరా వెళ్లిన వారానికి జడ్జిగారు తన గదిలోకి అందరినీ పిలిచారు. శిరీషను దగ్గరికి రమ్మని, మెల్లగానే అడిగారు: "నీకు ఎవరి దగ్గర ఉండాలని ఉందమ్మా? అమ్మమ్మ దగ్గరా, నాన్న దగ్గరా?"

శిరీష చేతులు కట్టుకుంది. గంప ముందు కూర్చున్నప్పటి చూపుతోనే నా వైపు చూసింది.

"ఎవరైనా సరే సార్."

"గట్లంటె నా కాడుంటనని అర్థం సార్" అన్నాను. పిల్లను చెప్పనివ్వమన్నారాయన. మళ్లీ అడిగారు. శిరీష అదే మాట మరింత మర్యాదగా చెప్పింది. బయటికి వచ్చాక నా కొంగు పట్టుకుని, "మంచిగ చెప్పిన గద అవ్వా? ఇంగ పోదమా ఇంటికి?" అంది.

పిల్ల తండ్రికి దక్కింది. నెలకో శనివారం పెబ్బేరులో చూడవచ్చన్నారు. సంత రోజు కాబట్టి ఎడ్ల మెడగంటల మధ్య, దుమ్ములో, బస్టాండు అరుగు మీద కూర్చుని ఇటిక్యాల వైపు నుంచి వచ్చే ప్రతి బస్సునూ చూసేదాన్ని. మొదటి ఏడాది వచ్చారు. తరువాత పరీక్షలన్నారు, జ్వరమన్నారు, ఆ తరువాత ఏమీ అనలేదు. తెచ్చిన పండ్లు పక్కన కూర్చున్నవాళ్లకు ఇచ్చి తిరుగుబస్సు ఎక్కేదాన్ని.

ఇప్పుడు శిరీష నాగర్‌కర్నూల్‌లో కాపురం చేస్తోంది. దూరమేమీ కాదు. బొడ్డెమ్మ వేసే పిల్లలు మా వాడలో లేరు, గుట్ట మీది సీతాఫలం చెట్లలో సగం ప్లాట్ల కింద పోయాయి. నిన్న పండ్లు మెత్తబడ్డాయని ఫోను చేశాను.

"దసరకొస్తవా బిడ్డా, దీపావళికొస్తవా?"

"ఎప్పుడైనా సరే అవ్వా" అంది.

ఫోను పెట్టేసి గంప మీద మళ్లీ గడ్డి కప్పాను. ఒకప్పుడు ఆ మాట వింటే ఆమె మనసులో ఉన్నదేదో నాకు తెలిసిపోయేది.