ఎండలో మూసిపెట్టిన కారు

మేస్త్రీ గారు పోయిన సంగతి నాకు మా సెకండ్ హ్యాండ్ కార్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎవరో ఒక తెల్ల కారు అమ్మకానికి పెట్టారు. దాని కింద ఇంకెవరో దండ వేసిన ఆయన ఫోటో పెట్టారు. ఆ కిందనే ఒకాయన "సింగిల్ ఓనరేనాండి?" అని అడిగాడు. కారు గురించే లెండి. మేస్త్రీ గారు ఉండుంటే తానే జవాబు చెప్పి, అడిగినవాడు మళ్ళీ ఆ గ్రూపులో నోరు విప్పకుండా చేసేవారు.

రాజమండ్రి కార్ల బ్రోకర్లం కలిసి ఆయన జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నాం. శిష్యుణ్ణి కాబట్టి మొదటి వ్యాసం నన్ను రాయమన్నారు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆయన గురించి మంచి రాయడం తేలికే. ఇబ్బందల్లా నా గురించి రాయాల్సి రావడం.

ధవళేశ్వరం వెళ్ళే దారిలో ఆయన రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు. కార్ల మెకానిక్కే అయినా చివరి పదిహేనేళ్ళు ఆయన స్పానర్ పట్టుకోలేదు. పాత కారు కొనదలచినవాళ్ళు ముందు ఆయన దగ్గరికి తెచ్చేవారు, ఆయన చూసి కొనచ్చో లేదో చెప్పేవారు. నరసాపురం నుంచి కూడా వచ్చేవారు. చిన్నా పెద్దా అందరినీ 'అండి' అనే మనిషి. ఆ 'అండి'తోనే చంపేసేవారు.

ఒకసారి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. ఇంకా కారు కొననే లేదు, పూజకి పూలదండా, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలూ సంచీలో తెచ్చుకున్నారు. మేస్త్రీ గారు కారు చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చారు.

"దండ దీనికే వేసెయ్యండి, పోయినోళ్ళకి వేసేదేగా. నిమ్మకాయలు మాత్రం ఇంటికి పట్టుకెళ్ళండి, పచ్చడి పెట్టుకుందురుగాని" అన్నారు.

ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన ఆవిడకి కుర్చీ వేసి, టీ తెప్పించి, ఆవిడ తాగుతున్నంతసేపూ ఆ కారుకి ఇంకా ఏమేం రోగాలున్నాయో వివరంగా చెప్పారు. ఆ కారు తెచ్చిన బ్రోకర్ని నేనే. మర్నాడు పోట్లాటకి వెళ్ళాను. "మీకు కళ్ళు బానే ఉన్నాయండి, చూడ్డం రాదంతే. రోజూ రండి" అన్నారు. పదేళ్ళు వెళ్ళాను.

వేలి కణుపుతో తలుపు మీద కొట్టి, పెయింటు కింద సొట్టలు పూడ్చిన పుట్టీ ఉందేమో వినడం ఆయనే నేర్పారు. సీటు బెల్టు చివరిదాకా లాగి, కారు నీళ్ళలో మునిగిందని చెప్పే బురద గీత కోసం చూడటం, సీటు కింద బోల్టులకి తుప్పు పట్టిందేమో తడిమి చూడటం ఆయనే నేర్పారు. ఖరీదైన కార్లయితే ముందురోజే తెప్పించి షెడ్డులో ఉంచేవారు. పొద్దున్నే వచ్చి ఏ మూల కిందికి కుంగిందో చూసేవారు, ఎందుకంటే వాటి సస్పెన్షన్ గాలి మీద నిలబడుతుంది. ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేసేవారు. ఎవడైనా ముందే వేడి చేసి తెస్తే, "స్నానం చేయించి పెళ్ళిచూపులకి తెచ్చారా అండి" అని తిప్పి పంపేసేవారు.

అన్నిటికన్నా ఆఖర్న వాసన. ఆయన పుట్టింది గోదావరి మధ్య లంకలో. ఏటా వరద ఇంట్లోకి వచ్చి పోయేది. నీళ్ళు తీశాక పరుపుల్లో, బట్టల పెట్టెల్లో మిగిలే వాసన ఆయనకి పసితనం నుంచీ తెలుసు. మునిగిన కారుని ఎంత కడిగినా, ఎన్ని సెంట్లు కొట్టినా ఆ వాసన లోపలి స్పాంజిలో దాక్కుంటుందనేవారు. అందుకని మిట్టమధ్యాహ్నం అద్దాలన్నీ బిగించి కారుని గంటసేపు ఎండలో వదిలేసేవారు. ఆ గంటా మేము యాలకుల టీ తాగుతూ కూర్చునేవాళ్ళం. తర్వాత ఆయన వెనక తలుపు ఎత్తి, తల లోపల పెట్టి, కళ్ళు మూసుకుని ఒక్కసారి పీల్చేవారు.

"మొదటిసారి నోరు తెరిచినప్పుడే వినాలండి. రెండోసారికి సర్దుకుంటది" అనేవారు.

ఆ పనికి లిఫ్ట్‌బ్యాక్ కార్లంటే ఆయనకి ఇష్టం. రేసు కారులా వాలుగా ఉంటాయి, వెనక అద్దమూ డిక్కీ మూతా కలిసి ఒకటే తలుపుగా పైకి లేస్తాయి. "స్టెప్నీ కాడ నుంచి స్టీరింగు దాకా ఒకటే గదండి, ఏదీ దాగదు" అని మురిసిపోయేవారు.

లోకమంతా ముక్కుకి గుడ్డ కట్టుకు తిరిగిన ఆ జ్వరాల ఏడాది ఆయనకీ జ్వరం వచ్చింది. మనిషి కోలుకున్నారు, ముక్కు కోలుకోలేదు. కాలుతున్న రబ్బరు వాసన కూడా తెలిసేది కాదు. ఇంట్లో భార్యకి తెలుసు. బయట నాకొక్కడికే చెప్పారు.

"ఎవరికీ తెలీకూడదండి. తల నేను పెడతాను, పక్కన మీరూ పీల్చండి. వాసన ఉంటే దగ్గండి. లేకపోతే ఊరుకోండి."

రెండేళ్ళు అలాగే నడిచింది. నేను దగ్గితే ఆయన తల బయటికి తీసి, "వద్దండి" అనేవారు. నేను ఊరుకుంటే, "తీసుకోండి" అనేవారు. చూసేవాళ్ళకి అనుమానం రాలేదు. దుమ్ములో పనిచేసేవాడు దగ్గడంలో వింతేముంది?

ఆ తర్వాత నా కారు వచ్చింది. జర్మన్ లిఫ్ట్‌బ్యాక్. యాక్సిలరేటర్ తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయేంత బలం, లోపలంతా తోలు. ఒక పెద్ద ఊళ్ళో, అపార్ట్‌మెంట్ సెల్లారులో మెడదాకా మునిగింది. చవగ్గా వస్తుంటే ఆశపడి, ఉన్నదంతా పెట్టి నేనే కొన్నాను. అది నాదని మేస్త్రీ గారికి చెప్పలేదు, ఎవరిదో అమ్మిపెడుతున్నానని చెప్పాను. సీటు బెల్టులన్నీ కొత్తవి వేయించాను. బోల్టులు మార్పించాను. కార్పెట్ మార్పించాను. పదేళ్ళు ఆయన నాకు నేర్పిందంతా ఆ ఒక్క కారులో ఆయన మీదే వాడాను. వాసన ఒక్కటే పోలేదు. దాన్ని పోగొట్టాల్సిన అవసరం కూడా లేదు కదా.

కొనడానికి వచ్చినాయన నరసాపురం దగ్గర రొయ్యల చెరువుల రైతు. నెమ్మదస్తుడు. "మేస్త్రీ గారు ఎలా అంటే అలాగండి" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గంట ఎండ పెట్టాక మేస్త్రీ గారు తలుపు ఎత్తారు. వేడి గాలితో పాటు వాసన నా ముఖాన కొట్టింది. కుళ్ళిన గోనెసంచీ తడిపి మూట కట్టినట్టు ఉంది. దగ్గు గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

మేస్త్రీ గారు తల లోపల పెట్టుకుని మామూలుకన్నా కాస్త ఎక్కువసేపే ఆగారు. నేను దగ్గుతానేమో అని చూశారు. తర్వాత తల బయటికి తీసి, "తీసుకోండి" అన్నారు.

నెల తిరక్కుండా ఆ కారు గోదావరి వంతెన మీద చచ్చిపోయింది. లోపల వైర్లు కుళ్ళి, ఉన్నట్టుండి అన్ని దీపాలూ వెలిగి, ఇంజను ఆగి, స్టీరింగు బిగుసుకుంది. రెయిలింగుని రాసుకుంటూ పోయి నిలబడింది. వెనక సీట్లో ఉన్న ఆ రైతు వాళ్ళమ్మగారి మణికట్టు విరిగింది. మెకానిక్కులు విప్పి చూసి మునిగిన కారని చెప్పారు. మర్నాడు ఆ రైతు కారుని క్రేను బండి మీద తెచ్చి షెడ్డు ముందు దింపించాడు. నలుగురూ పోగయ్యారు.

ముందు నా మీదికి వచ్చాడు. నేను చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నాదేముందండి, మేస్త్రీ గారే కదా తీసుకోమన్నారు" అన్నాను.

"అవునండి, నేనే అన్నాను" అన్నారు మేస్త్రీ గారు.

"ఎంత తిన్నావు?" అన్నాడు రైతు. ఆ షెడ్డులో మేస్త్రీ గారిని 'నువ్వు' అనడం నేను అప్పుడే విన్నాను.

"తినలేదండి. నా ముక్కు పోయింది. రెండేళ్ళైంది. ఆ సంగతి మీకు దాచాను, అది తప్పేనండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ముక్కు లేని మేస్త్రీ అని ఆ సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆయన ఒక్కసారి నా వైపు వేలు చూపిస్తే చాలు. చూపించలేదు. ఆ తల్లిగారిని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్తే రైతు కుటుంబం లోపలికి రానివ్వలేదు, వరండాలో ఒక పూట కూర్చుని వచ్చారు. తర్వాత నాతో ఆ కారు మాట ఒక్కసారే ఎత్తారు.

"ఆరోజు మీకు జలుబు చేసిందేమోనండి."

"అయ్యుండచ్చండి" అన్నాను.

ఆ రోజు నుంచి షెడ్డుకి ఎవరూ రాలేదు. వాళ్ళంతా నా దగ్గరికి వచ్చారు. 'మేస్త్రీ గారి శిష్యుడు' అని కార్డు మీద వేయించుకున్నాను. ఆ పేరుతో ఇవాళ్టికీ తింటున్నాను. రైతు వదిలేసిన కారు షెడ్డు పక్కనే, ఆయన కుర్చీకి ఎదురుగా ఉండిపోయింది. నేను వారానికోసారి వెళ్ళి కూర్చుని వచ్చేవాణ్ణి. జాలి అనుకునేవాణ్ణి అప్పట్లో.

కబురు తెలిసి పరామర్శకి వెళ్తే పిన్నిగారు, అంటే మేస్త్రీ గారి భార్య, నన్ను ఆ కారు దగ్గరికి తీసుకెళ్ళారు. పెద్దకార్యానికి షామియానా వేయాలి, కారు తీయించమన్నారు. తలుపు ఎత్తాను. అన్నేళ్ళుగా ఎండలో పడి ఉన్న కారు. ఈసారి దగ్గు ఆగలేదు.

"ఆయనా ఇలాగే దగ్గారు బాబూ" అన్నారావిడ. "పోయిన వానాకాలం ముక్కు తిరిగొచ్చింది. మొదట తెలిసింది ఇందులోనే. రోజూ తలుపెత్తి చూసేవారు కదా, ఆ రోజు తల పెట్టి చాలాసేపు ఉండిపోయారు. బయటికొచ్చి దగ్గారు. జలుబు చేసిందా అంటే, లేదే, ఇక్కడ దగ్గాల్సిన దగ్గొకటి బాకీ ఉండిపోయింది అన్నారు. నాకేం అర్థం కాలేదు. ఎవరికీ చెప్పొద్దన్నారు, మీకు కూడా. ఆ మాటేంటో మీకేమన్నా తెలుసా?"

"తెలీదండి" అన్నాను.

పిన్నిగారూ, ఆ జవాబు ఇదిగో, ఇప్పుడు రాశాను.

ఇంటికొచ్చాక ఒక్కటే గుర్తొస్తోంది. పోయిన వానాకాలం తర్వాత, నేను వెళ్ళినప్పుడల్లా ఆయన టీ గ్లాసు పట్టుకుని, "యాలకులు వేశారాండి?" అని అడిగేవారు. నేను వాసన చూసి చెప్పేవాణ్ణి. ముక్కు లేని మనిషి, ఇదొక్కటన్నా నా ద్వారా తెలుసుకుంటున్నారు పాపం అనుకునేవాణ్ణి. ఒకరోజు ఫోన్‌లో ఏదో బేరం చూసుకుంటూ, గ్లాసు ముక్కు దగ్గరికి కూడా తీసుకోకుండా, "ఆయ్, వేశారండి, ఘుమఘుమలాడిపోతోంది" అన్నాను. తర్వాత తాగితే ఉత్త టీ. పోన్లే, ఆయనకేం తెలుస్తుంది అనుకుని మళ్ళీ ఫోన్ చూసుకున్నాను.

"అలాగాండి" అని, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఆయన కళ్ళు మూసుకున్నారు.