తీగ అచ్చు మీది చుక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో 'అద్దె' అనే మాట పలకకూడదు. పుంగనూరులో మా ఇంటి వెనక, ఒకప్పుడు గుర్రాలు కట్టిన కొట్టంలో, ఒక సాయిబుల కుటుంబం కాపురముండేది. నెల మొదట్లో ఆ ఇంటావిడ పళ్లెంలో తమలపాకుల కింద ఏదో పెట్టి తెచ్చి మా వెనక వాకిట్లో ఉంచి పోయేది. మా జేజి, నాన్నను కన్నతల్లి, ఆకులు మాత్రమే చూసినట్టు ఆ పళ్లెం తీసుకునేది. ఊళ్లోవాళ్ల దగ్గర ఆ సంగతి వస్తే, "చోటు లేదని వచ్చినారు, పాపమని ఉండమంటిమి" అనేది. అందులో నిజమెంతో పదేళ్లకే నాకు తెలుసు. అయినా బడిలో నేనూ తలెత్తుకుని అదే మాట చెప్పేదాన్ని.

మా ముత్తాత కాలంలో చుట్టూ ఉన్న ఊళ్ల శిస్తు మా వాకిట్లోకి వచ్చేదట. నేను పుట్టేసరికి మాకు మిగిలినవి పదకొండు గదుల ఇల్లు, ఇంటిపేరు, గోడకు ఆనుకోకుండా కూర్చునే అలవాటు. నాన్న కుప్పంలో ఒక మండీలో లెక్కలు రాసేవాడు. మేము మాత్రం "కుప్పంలో పనులు చూసుకుంటున్నాడు" అనేవాళ్లం. అమ్మా, చంటి తమ్ముడూ ఆయన దగ్గర ఉండేవాళ్లు. జేజి ఇల్లు కదలనంది. ఆమెకు తోడుగా నన్ను ఉంచారు. డెబ్భైల చివరి ఆ రెండేళ్లూ పదకొండు గదుల్లో మేమిద్దరమే. అందులోనూ జేజి తక్కువ మాటల మనిషి.

బడిలో నాతో ఎవరూ ఆడేవాళ్లు కాదు. తప్పు వాళ్లది మాత్రమే అని ఇప్పుడు అనను. నేను వచ్చేటప్పుడు "దొరసాని వస్తాండాది, దోవ ఇడవండే!" అని ఒకతె అరిస్తే, మిగతావాళ్లు ముక్కుల మీద వేళ్లు పెట్టుకుని గోడకు అంటుకుపోయేవాళ్లు. నవ్వితే వాళ్లలో కలిసిపోయేదాన్నేమో. నేను నిజంగానే ఆ దారి మధ్యన నడిచి వెళ్లేదాన్ని. నన్నూ చేర్చుకోండి అని అడగడానికి నాకు నోరు వచ్చేది కాదు. "మన వాకిట్లోకి వచ్చి అడిగేవాళ్లు ఉండాల. మనం పోయి ఎవురినీ అడగరాదు" అని జేజి నాకు అన్నంతోపాటు పెట్టిన మాట అది.

సాయంత్రం బడి నుంచి వస్తే ఇంట్లో ఒకే ఒక చప్పుడు వినిపించేది. వెనక కొట్టంలోంచి 'ధప్', కాసేపటికి మళ్లీ 'ధప్'. కొట్టంలో ఉండే ఆవిడ చేతి అచ్చులతో గుడ్డల మీద అద్దకం వేసేది. వాళ్లది మదనపల్లె. పెళ్లయినప్పటి నుంచీ అత్తింటివాళ్ల పని నేర్చుకుంది. ఆమె అద్దిన దుప్పట్లు భర్త సైకిలుకు కట్టుకుని సంతలు తిరిగేవాడు. అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లు. నేను ఏమీ అనేదాన్ని కాదు. వాకిలి దగ్గర నిలబడి చూసేదాన్ని.

పొడవాటి బల్ల మీద పాత కంబళ్లు పరిచి, వాటిపైన కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డను బిగించేది. తుప్పుపట్టిన ఇనుపముక్కలు బెల్లంనీళ్లలో వారాల తరబడి నానేసి చేసిన నల్లరంగు ఒక కుండలో ఉండేది. ఆ కంపుకు జేజి మా వెనక కిటికీలు మూయించేది. ఖాలా అచ్చును రంగుపళ్లెంలో ఒత్తి, గుడ్డ మీద ఆనించి, అరచేతి మొదలుతో ఒక్క గుద్దు గుద్దేది. అచ్చు లేపితే అక్కడ తీగ, ఆకులు. దాని పక్కన ఇంకో తీగ. రెండూ ఎక్కడ కలిశాయో కనిపెట్టలేనట్టుగా దుప్పటి అంచు పొడవునా ఒకే తీగ పాకిపోయేది.

నేను అలా నిలబడడం మొదలుపెట్టిన కొత్తల్లోనే ఆమె తల తిప్పి నవ్వుతూ, "ఏం బేటీ, దినామూ చూస్తాండావు. తెలీకుంటే అడుక్కో" అంది.

ఒళ్లు మండిపోయింది. అడుక్కోవడమా? మా కొట్టంలో ఉంటూ, మా ఇంటిబిడ్డను అడుక్కోమంటుందా? వెంటనే వెనక్కి తిరిగి వచ్చేశాను. రెండు రోజులు పోలేదు. కానీ ఆ 'ధప్' అనే చప్పుడు పదకొండు గదుల్లోనూ నన్ను వెతుక్కుంటూ వచ్చేది. మూడోరోజు మళ్లీ వెళ్లి నిలబడ్డాను. అయితే ఒక్క ప్రశ్న కూడా వేయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నెలల తరబడి చూశాను, ఏదీ అడగలేదు.

ఆ చూడడంలో నాకు ఒక లోపం కనిపించింది. తీగ అచ్చు గుద్దిన ప్రతిసారీ తీగ కొసన, ఆకులకు అవతల, ఆవగింజంత నల్లచుక్క పడేది. పక్క అచ్చు పడగానే దాని ఆకు కింద ఆ చుక్క మునిగిపోయేది. అంచు ముగిసేచోట మాత్రం ఒక్క చుక్క ఈగ రెట్టలాగా మిగిలిపోయేది. అంత చక్కటి తీగకు ఆ మచ్చ ఏమిటని నాకు బాధగా ఉండేది. చెక్క చెక్కినవాడు అజాగ్రత్తగా వదిలేసిన మొన అయివుంటుందని నాకు నేనే తేల్చుకున్నాను. ఆమెకు ఒక ఉపకారం చేయాలనిపించింది. అడగకుండానే ఇవ్వడం మా ఇంటి మర్యాద కదా.

ఒక సాయంత్రం ఆమె గుడ్డలు ఉతకడానికి బావి దగ్గరికి వెళ్లింది. కడిగిన అచ్చులు గోడ మీద ఆరుతున్నాయి. పెన్సిలు చెక్కే బ్లేడుతో ఆ చిన్న మొనను శుభ్రంగా గీకేశాను. వేలితో తడిమి, నున్నగా ఉందని సంతోషపడి, ఎక్కడిది అక్కడ పెట్టి వచ్చాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నాలో నేనే నవ్వుకుంటూ నిద్రపోయాను.

మరుసటి రోజు బడికి సెలవు. కుప్పంలో ఒక పెండ్లివారికి పన్నెండు దుప్పట్లు శనివారం బస్సుకు పంపాలని ఆమె పొద్దున్నే పని మొదలుపెట్టింది. మొదటి దుప్పటిలో నాలుగో అచ్చుకే తీగ తెగింది. ఆరో అచ్చుకు ఒక తీగ ఇంకోదాని మీదికి ఎక్కింది. ఆమె కళ్లు నులుముకుంది. మళ్లీ గుద్దింది. ఆ తర్వాత అచ్చును తిరగేసి వెలుతురులో పట్టుకుంది. నల్లబడిన పాత టేకు చెక్క మీద గీకినచోటు తెల్లగా కనబడుతోంది.

"ఎవురు గీకినారు దీన్ని?" అంది. ఎవరినీ చూసి అడగలేదు, ఆ చెక్కనే అడిగినట్టుంది.

చేసినదాన్ని కాదనడం మా వంశంలో లేదని జేజి అనేది. "నేనే. మచ్చ మాదిరి ఉండె, తీసేస్తి" అన్నాను, మెచ్చుకోమన్నట్టుగా.

ఆమె మెల్లగా పీట మీద కూలబడింది. "మచ్చ కాదు బేటీ, అది కన్ను. ఆ చుక్క మీద ఆనించినాకనే రెండో అచ్చు పెట్టల్ల. కన్ను లేకుంటే తీగ యాడికని పోతాది?" అచ్చు వాళ్ల మామ చెక్కినదట. అలాంటిది చెక్కేవాళ్లు ఇప్పుడు ఈ వైపున లేరట. ఆ మొనకు బదులు మేకు కొడితే పాత చెక్క చీలిపోతుందట. ఇవన్నీ ఆమె కోపంగా చెప్పలేదు. అంతటితో ఊరుకుని ఉంటే నేనూ ఏడ్చి ఉండేదాన్ని. కానీ చివర, "నీకు ఆపొద్దే చెప్తి కదా, తెలీకుంటే అడుక్కో అని" అంది.

నెలలుగా లోపల దాచుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది. "మేమేం అడుక్కునేవాళ్లం కాదు! మా వాకిట్లోకి వచ్చి అడుక్కునేది మీరు!"

ఆ మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు. ఇక ఈ వాకిలి కూడా నాకు మూసుకుపోయిందని మాత్రం తెలిసింది. రేపటి నుంచి ఆ చప్పుడు వింటూ, లోపలి గదుల్లో ఉండాలి, అంతే.

ఆమె నన్ను చూసింది. కోపంతో కాదు, ఏదో లెక్క తప్పినట్టు. "అడుక్కో అంటే ఏంది?" అంది. "చూసుకో, తెలుసుకో, పెట్టుకో... అట్ల కాదా అడుక్కో? పూఛ్ లే అని కదా?"

'పూఛ్ లే' అంటే అడిగి తెలుసుకో అని. ఆమె తెలుగు వీధిలో విని నేర్చుకున్న తెలుగు. 'కో' చేరిస్తే మాటకు మెత్తదనం వస్తుందని అనుకుంది. నేను నేలను చూస్తూ, అడుక్కోవడం అంటే చెయ్యి చాపి భిక్షమెత్తడమని చెప్పాను.

"యా అల్లా!" అని రెండు చేతులూ చెంపలకు కొట్టుకుంది. ఆ చేతుల రంగు చెంపలకు అంటింది. "ఈ మాట మీ జేజితో గూడా అంటి కదనే! నీళ్లు గావాల్నంటే అడుక్కోండి అని!" అని నవ్వు మొదలుపెట్టింది. జేజి ముఖం ఎలా అయివుంటుందో తలచుకుంటే నాకూ నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు సగంలో ఏడుపైంది.

ఆమె కొంగుతో నా ముఖం తుడవలేదు. దగ్గరికి లాక్కోలేదు. అలా చేసి ఉంటే నేను పారిపోయి ఉండేదాన్ని. "మరి ఎట్ల చెప్పల్ల?" అని అడిగింది.

"అడుగు, అనల్ల."

"అడుగు" అని ఆమె నాలుగైదుసార్లు పలికి చూసుకుంది. "చూడు, నాకు తెలీకుండె. నిన్ను అడిగితి, నువ్వు చెప్తివి. నాకేమన్నా తక్కువాయెనా?"

ఆమె చెంపల మీద నల్లరంగు, చేతిలో పాడైన అచ్చు, బల్ల మీద తెగిపోయిన తీగ. అయినా నిజంగానే ఆమెకు ఏమీ తక్కువ కాలేదు. అది నాకు అర్థమయ్యేదాకా ఆగి, "ఇట్ల రా. చుక్క నువ్వు తీసేస్తివి. ఇంగ చుక్క నువ్వే" అని బల్లకు అవతలి వైపు చూపించింది.

చీపురుపుల్ల ఒకటి కొలతకు విరిచింది. ఒక అచ్చు పడగానే పుల్లతో కొలిచి, చుక్క ఉండవలసినచోట నేను చూపుడువేలి గోరు ఆనించాలి. ఆమె అచ్చు మూలను గోటికి తాకించి, "తీ" అనేది. నేను వేలు తీసేదాన్ని. ధప్. మొదట్లో తొందరపడి ముందే తీసేదాన్ని. ఒకసారి ఆలస్యంగా తీసి దెబ్బ తిన్నాను. "నక్కో, వద్దు బేటీ, వేలును అద్దకం వేస్తే ఎవురూ కొనరు" అంది. మొదటి దుప్పటి పాడైపోయింది. రెండోదాన్లో తీగ వంకరపోయింది. మూడోదాని సగానికి మా ఇద్దరికీ మాటల అవసరం లేకపోయింది.

అనుమానం వచ్చిన ప్రతిచోటా ఆగి, "ఈడేనా?" అని అడగాల్సి వచ్చేది. అడగకపోతే గుడ్డ పాడవుతుంది. ఆ మూడు రోజుల్లో నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. అంతకు ముందు పుట్టిబుద్ధెరిగి అన్నిసార్లు అడిగి ఉండను.

జేజి నా నల్లటి గోరు చూసింది. చెప్పాను, అంతా చెప్పాను. ఆమె నిమ్మచెక్క తెచ్చి నా వేలు పట్టుకుని చాలాసేపు రుద్దింది. రంగు పూర్తిగా పోలేదు. మరునాడు బడి విడిచాక నేను వెనక వాకిట్లోకి వెళ్తుంటే ఆమె కిటికీ వైపు ముఖం తిప్పుకుంది, ఆపలేదు.

శనివారం పొద్దున బస్సుకు పదకొండు దుప్పట్లు వెళ్లాయి. తప్పిన ఒక్కదానికి పెండ్లివారితో తాను మాట్లాడుకుంటానని ఖాలా అంది. సాయంత్రం ఆమె బల్ల కడుగుతోంది. ఇక నా వేలితో పని లేదు. అక్కడ ఉండడానికి నాకు కారణం లేదు. వాకిలి దాకా వచ్చి నిలబడిపోయాను. ఎంతోసేపటికి, "రేపు గూడా రావచ్చునా?" అన్నాను. నాకోసం నేను ఒక మనిషిని అడిగిన మొదటి మాట అది.

ఆమె వెనక్కి తిరగకుండానే తడిగుడ్డ పిండుతూ, "దానికి గూడా అడగల్నా పిచ్చిదానా?" అంది.

ఏడాది తిరక్కుండానే వాళ్లు మదనపల్లెకు తిరిగి వెళ్లిపోయారు. నైలాను, టెర్లిను వచ్చాక అచ్చుల గుడ్డలు కొనేవాళ్లు తగ్గారు. కొన్నేళ్లకు జేజి పోయింది. ఇల్లూ చేతులు మారింది. ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఉంటాను. సూదిలో దారం ఎక్కించమని ఎదురింటి పిల్లను అడగాలన్నా, బ్యాంకులో కాగితం ఎక్కడ నింపాలో కనుక్కోవాలన్నా, సాయంత్రం కాసేపు వచ్చి కూర్చోమని ఎవరినైనా పిలవాలన్నా, ముందు నా వెన్ను బిగుసుకుంటుంది. అది ఇప్పటికీ పోలేదు, ఇక పోదు. దాన్ని వంచాలని నేనూ ప్రయత్నించడం లేదు. నిటారుగా నిలబడే అడుగుతాను.