నేను తిరిగి వేసిన తొమ్మిది ముళ్లు

చేతిలో కర్ర లేకుండా, నోట ఒక్క తప్పుడు మాట రాకుండా, కేవలం పది నిమిషాల చేతిపనితో నిక్షేపంలాంటి పెళ్లిని ఆపేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసుకోండి. ఈ అక్షరాలు రాస్తున్నది ఆయనే. ఇప్పుడు తల నెరిసింది, ఉద్యోగం విరమించి చాలా కాలమైంది. క్రమపద్ధతికి నన్ను మించినవాడు లేడని నలుగురూ అంటారు. బీరువా నిండా నా డైరీలున్నాయి. అవన్నీ చదివితే ఆ నలుగురూ చెప్పింది నిజమేననిపిస్తుంది, ఒక్క డైరీ తప్ప. దాన్ని ఇన్నాళ్లూ అన్నిటికంటే అడుగున దాచాను. ఈ రోజు దుమ్ము దులిపి తీశాను. మీరు నవ్వుకోండి, నేను తలుపు వేసుకుంటాను.

బస్తర్‌లో ఇంకా రాజుగారి పాలన నడుస్తున్న రోజులవి. నేను ఎం.ఏ. విద్యార్థిని. బస్తర్ సంతల మీద పరిశోధన వ్యాసం రాస్తానని మా ఆచార్యుల ముందు గొప్పలు పోయి, ట్రంకుపెట్టెతో, లాంతరుతో జగదల్‌పూర్‌లో దిగాను. గోదావరి ఒడ్డున పది ఇళ్ల పల్లెలో పుట్టినవాడికి జగదల్‌పూర్ అంటే మాటలా? కోట, కచేరీ, మోటార్లు, రెండు వైపులా దుకాణాలున్న వీధి! మొదటి వారం నా గది నుంచి బావికి వెళ్లి తిరిగి నా గదికే రావడం కూడా ఒక పరిశోధనే అయింది. రెండుసార్లు పక్కింటి తలుపు తీసి, "ఎవరండీ మీరు?" అని ఆ ఇంటివాళ్లనే గద్దించాను.

కానీ నేను పద్ధతిగల మనిషిని కదా. గోడకు ఒక దినచర్య అంటించాను. ఐదుకు లేచుట. ఐదుంబావుకు ముఖప్రక్షాళన. ఐదున్నరకు వ్యాసరచన. అందులో ఎర్రసిరాతో గీతలు కూడా గీశాను. అది ఒక్కరోజు కూడా అమలు కాలేదు గానీ, ఎనిమిదింటికి నిద్రలేచి చూసినప్పుడు ఎంత అందంగా ఉండేదో! వంట సంగతి అడక్కండి. నేను వండిన అన్నం ఒకరోజు గంజి, ఒకరోజు గులకరాళ్లు. ఇక భాషంటారా, బజారులో హల్బీ, కచేరీలో హిందీ, గదిలో గోడతో తెలుగు. గోడ బాగానే వినేది, బదులు చెప్పేది కాదు.

అందుకే ఆదివారం వస్తే ఇంద్రావతి ఒడ్డుకు పారిపోయేవాణ్ణి. నాలుగు రోజులు సెలవు దొరికితే దక్షిణానికి పోయే మోటారు ఎక్కేసేవాణ్ణి. సుక్మా దాటి దోర్నపాల్ సంతలో దిగితే చాలు, చింతపండు బుట్టల మధ్య నుంచి "ఏందయ్యా, జరుగు!" అని ఎవరో ఒకరు తెలుగులో కసిరేవారు. ఆ కసురు విన్నాక ప్రాణం లేచి వచ్చేది.

ఆ సంతలోనే ముత్తయ్య పరిచయమయ్యాడు. ఎర్రబోరు దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే దొర్ల తెగ రైతు. ఇంట్లో వాళ్ల దొర్లి భాష, నాతో తెలుగు. నేను ఎప్పుడూ ఏదో ఒకటి రాస్తుంటానని నన్ను పంతులు చేశాడు. అడవి గాలి మీద నాకు మోజని కనిపెట్టి, "మా ఇంటికి రా పంతులూ, గాలికి కరువా?" అన్నాడు. అప్పటి నుంచి ఎప్పుడు వచ్చినా వాళ్ల అరుగు మీదే నా మకాం. ముత్తయ్య తల్లిని అందరూ అవ్వ అనేవారు, నేనూ అవ్వ అన్నాను. కంచె అవతల ఇల్లు ముత్తయ్య తమ్ముడు సింగయ్యది. పొలం గట్టు మీది ఒక తాటిచెట్టు దగ్గర తగువొచ్చి, అన్నదమ్ములకు ఏడేళ్లుగా మాటల్లేవు. కల్లు మాత్రం ఆ చెట్టు ఇద్దరికీ ఇవ్వడం మానేసింది.

ఆ వేసవి ముత్తయ్య కొడుక్కి పెళ్లి కుదిరింది. వాళ్ల ఆచారంలో పెళ్లి మగపిల్లవాడి ఇంటి దగ్గర, పిల్లను తీసుకుని ఆడపిల్లవారే వస్తారు. ఒక సాయంత్రం ముత్తయ్య నార తాళ్లు ముందేసుకుని వరసగా ముళ్లు వేస్తూ కూర్చున్నాడు.

"ఇదేమిటి ముత్తయ్యన్నా?"

"పెండ్లి పిలుపు పంతులూ. రోజుకో ముడి విప్పాలె. ముళ్లు ఒడిసిన దినం పెండ్లి."

"మరి తారీఖు?"

"తారీఖు మీ కచేరీల ఉంటది. మా కాడ ముడే."

ఒక తాడు ఇంట్లో దూలానికి కట్టారు. ఒకటి దోర్నపాల్ దగ్గరున్న మేనమామలకు, ఒకటి సుక్మా దగ్గరున్న ఆడపిల్లవారికి, ఒకటి నాకు. సింగయ్యకు తాడు లేదు. తాళ్లు మోసుకుపోవలసిన ముసలాయనకు కాలు వాచిందట. నాకు ఉత్సాహం పొంగింది.

"రేపు నేను మోటారెక్కుతున్నాను కదా! దారిలో నేనే ఇచ్చేస్తాను."

అవ్వ నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "తాడు సంగతి ఈ పంతులుకు తెలుస్తదంటవా?"

"అవ్వా, నేను ఎం.ఏ. చదువుతున్నాను."

"గదేంది, జరమా? ఎన్నాళ్లుంటది?"

"రెండేళ్లు."

"అయ్యో బిడ్డా," అంది అవ్వ జాలిగా.

తాళ్లు మూడూ నా మంచం పక్క మేకుకు తగిలించారు. నేను లాంతరు వెలుగులో డైరీ తీసి రాశాను: "మూడు తాళ్లు. ఒక్కొక్కదానికి పదిహేను ముళ్లు. స్వయముగా లెక్కించితిని." కింద గీత కూడా గీశాను. చదువరులారా, ఆ గీత దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఉరితాడు మెడలో పడేముందు మనిషి దాన్ని చేత్తో నిమిరి చూసుకున్నట్టు, నేను ఆ గీతను గీశాను.

మర్నాడు మోటారు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో నాటి మధ్యాహ్నం దూరాన దుమ్ము కనిపించింది. గబగబా సర్దుకుంటూ, పద్ధతి ప్రకారం తాళ్లు లెక్కపెట్టాను. పన్నెండు! రెండోది, పన్నెండు. మూడోదీ పన్నెండే!

డైరీ తీశాను. పదిహేను అని స్పష్టంగా ఉంది, కింద గీతతో సహా. మరి మూడేసి ముళ్లు ఏమైనట్టు? ఎలుకలా? ఎలుకలు కొరుకుతాయి గానీ ముళ్లు విప్పవు. గాలికి ఊడాయా? అదే అయ్యుంటుంది! పల్లెటూరి ముడి కదా, పట్టు ఉండదు. తాడు మీద పాత ముడుల మడతలు ఇంకా వంకరగా కనిపిస్తూనే ఉన్నాయి. శిలాశాసనంలో చెరిగిన అక్షరాలు పూరించే పండితుడిలా నేను ఆ మడతల్లోనే, అచ్చం అదే కొలతతో, మూడు మూళ్లు తొమ్మిది ముళ్లు బిగించాను. ఎవరికీ చెప్పలేదు. ముత్తయ్య చిన్నబుచ్చుకుంటాడని!

మన ఇళ్లలో మూడు ముళ్లు పడితే పెళ్లవుతుంది. నా చేతి మూడు ముళ్లు పడితే పెళ్లాగుతుందని నాకేం తెలుసు?

దారిలో మోటారు ఆపించి తాళ్లు అందజేశాను. జగదల్‌పూర్ చేరాక రోజూ నిద్రలేవగానే ఒక ముడి విప్పి, "ఒక ముడి విప్పితిని" అని రాసుకున్నాను. ఆ పదిహేను రోజులూ నా దినచర్యలో అమలైన పని అదొక్కటే. ముళ్లు అయిపోవచ్చేసరికి ఇస్త్రీ పంచె, సెంటు, కొత్త చెప్పులతో ఎర్రబోరులో దిగాను. అక్కడ చెట్టు కింద డోళ్లతో, బుట్టలతో ఆడపిల్లవారు, మేనమామలు అందరూ ఉన్నారు. మధ్యలో పసుపు చీరలో పెళ్లికూతురు.

పిల్ల తండ్రి నన్ను చూసి లేచాడు. "నీ తాడే పంతులూ! ఇయ్యాల పొద్దుగాల్నే ఆఖరి ముడి విప్పినం."

"నేనూ అంతే! ఒక్క ముడి అటూ ఇటూ కాలేదు!" అన్నాను, సూర్యచంద్రులను సమయానికి నడిపిస్తున్నది నేనే అన్నట్టు.

డోళ్లు మోగాయి. ముందు నేను, వెనక పెళ్లివారు. దండయాత్రకు వెళ్లే సేనానికైనా అంత ఛాతీ ఉండదు. పల్లె పొలిమేర దాటాక చూస్తే ఎదురు రావడానికి ఒక్కరూ లేరు. పందిరి మీది నేరేడాకులు వాడి, ఎండి, రాలుతున్నాయి. అరుగు మీద అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది.

"వచ్చిన్రా?" అంది అవ్వ. "శానా తొందరగ వచ్చిన్రు. ఇంకో నెల ఆగకపోయిన్రా?"

పిల్ల తండ్రి ముఖం కందగడ్డయింది. "ఏంది ముసలమ్మా, ఇంటికొస్తే ఎగతాళా?"

లోపలి నుంచి ముత్తయ్య వచ్చాడు. మూడు రోజులుగా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎగతాళి నీది! నా పెండ్లి మూడు దినాల కిందనే. పందిరేసి, మేకల కోసి, ఊరందరి ముంగట కూసున్న. మీ పిల్ల రాలే, నా మేనమామలు రాలే. నేనేం తప్పు చేసిన?"

"మూడు దినాల కిందనా? దినం నువ్వే మార్చి మా మీద పెడతవా? పిల్లా, లే! పోదాం పా!"

పెళ్లికూతురు లేవలేదు. పెళ్లికొడుకు గుమ్మంలో నిలబడి ఆమెనే చూస్తున్నాడు. ఇద్దరి ముఖాలూ పాలిపోయాయి. ఇంకొక్క మాట పడితే ఆ పిల్ల వెనక్కు వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. అది అక్కడున్న అందరికీ తెలుసు.

"తాడు తియ్యిండ్రి," అంది అవ్వ. పిల్ల తండ్రి మొలలోంచి తాడు తీశాడు. అవ్వ దూలం మీది తాడు తెప్పించి రెండూ పక్కపక్కన పరిచింది. "విప్పిన ముళ్ల మడతలు రెండిట్ల పదిహేనే. కొలత గూడ అదే. మరి దినాలెట్ల తప్పినయ్?"

ఇక్కడే, చదువరులారా, తెలివిగలవాడైతే సెంటు సీసా వదిలేసి అడవిలోకి పరుగెత్తేవాడు. నేను మాత్రం సాయం చేద్దామని డైరీ తీశాను.

"తాళ్లలో తేడా ఉండదవ్వా. పదిహేనని రాసే ఉంచాను. మోటారెక్కే రోజు చూస్తే మూడేసి ముళ్లు ఊడిపోయి ఉన్నాయి. నేనే మళ్లీ గట్టిగా వేశాను."

డోలు వాయించేవాడు చెయ్యి గాల్లో ఆపేశాడు.

"ఊడిపోయినయా?" అంది అవ్వ మెల్లగా. "దినాం పొద్దు పొడవంగ నేనే విప్పిన గదరా! ముడేసిన మర్నాటి సంది లెక్క. తాడు మేకుకుంటేంది, మోటార్ల ఉంటేంది, దినం ఆగుతదా? నువ్వు గుర్రుపెట్టి పన్నవు. నీ మంచం పక్కనే విప్పిన!"

దినచర్యలో ఐదుకు లేచుట అని రాసుకున్నవాడు ఒక్కరోజైనా ఐదుకు లేచి ఉంటే, అవ్వ చేతిలో తాడు కనిపించి ఉండేది. ముత్తయ్య చరచరా వెళ్లి గొడ్డలి అందుకున్నాడు. నేను డైరీని గుండెకు అడ్డం పెట్టుకున్నాను.

అంతలో ముత్తయ్య ఇంటి లోపలి నుంచి ఎవరో పకపకా నవ్వుతూ వచ్చారు. చూస్తే సింగయ్య! కంచె అవతలి సింగయ్య, కంచె ఇవతల, అన్న గడప మీద!

"గొడ్డలి చూసి బెదరకు పంతులూ," అన్నాడు. "మా అన్న కట్టెలు కొట్టనీకి పోతాండు. మల్ల వండాలె గద!" తర్వాత పిల్ల తండ్రి వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఒక మాట ఇను. పెండ్లి దినం పొద్దెక్కింది. డోలు లేదు, మనిషి లేడు. మా అన్న పందిట్ల ఒక్కడే కూసున్నడు. నాకు తాడు రాలేదు. అయినా అన్న గట్ల కూసుంటే నాకు బువ్వ దిగుతదా? కంచె దాటిన. 'తిన్నవానే' అన్న. 'లేదురా' అన్నడు. ఏడేండ్లకు అదే మొదటి మాట."

ముత్తయ్య గొడ్డలి భుజాన వేసుకుని తల వంచుకున్నాడు. "మొదటి మేకలు నావి, ఊరు తిన్నది. ఇయ్యాలటివి మా తమ్మునియి," అన్నాడు.

"మీరంత దినానికొస్తే," అన్నాడు సింగయ్య, "నేను నా ఇంట్ల తలుపేసుకుని డోలు సప్పుడు ఇనేటోణ్ణి. ఈ పంతులు ముడెయ్యకపోతే మా అన్నదమ్ముల ముడి విప్పేటోడు లేకుండె."

పిల్ల తండ్రి కాసేపు ముత్తయ్యను చూశాడు, కాసేపు సింగయ్యను చూశాడు, చివరికి నా ఇస్త్రీ పంచెను చూశాడు. చూసి చూసి నవ్వాడు. ఆయన నవ్వగానే డోలువాడు చెయ్యి కిందికి దించాడు, పెళ్లికూతురు తలెత్తింది. అందరూ ఒకే తప్పు ఒకేసారి చేస్తే దాన్ని ముహూర్తం అంటారని నాకు ఆ క్షణంలో తెలిసింది.

"నవ్వితే అయిందా?" అంది అవ్వ. "తప్పు తప్పే. పంతులు దండుగ కట్టాలె. కొమ్ములు తెండ్రి!"

అడవిదున్న కొమ్ముల తలపాగా నా నెత్తిన పెట్టారు. కళ్లజోడు పెట్టుకున్న దున్నపోతును మీరు ఊహించుకోగలిగితే అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. పెళ్లి జరిగినంతసేపూ, పొద్దు వాలేదాకా ఆడాను. కొత్త చెప్పులు ఎటు పోయాయో తెలియదు. చివరికి అన్నదమ్ములిద్దరూ చెరో భుజం పట్టి నన్ను పైకెత్తి పందిరి చుట్టూ తిప్పారు. పెళ్లికొడుకును కూడా అలా ఎత్తలేదు. నా జీవితంలో ఆ తర్వాత సన్మానాలు కొన్ని జరిగాయి గానీ, తప్పు చేసినందుకు జరిగిన సన్మానం అదొక్కటే, అన్నిటికంటే ఘనమైనదీ అదే.

మరుసటి వేసవి ఒక ఉదయం, ఎనిమిదింటికి, జగదల్‌పూర్‌లో నా గది తలుపు ఎవరో తట్టారు. ఎన్నడూ చూడని మనిషి. భుజం మీద నార తాళ్ల కట్ట.

"ముళ్ల పంతులు ఇల్లు ఇదేనా?"

"నేనే. ఏం కావాలి?"

ఆయన కట్టను భక్తిగా నా బల్ల మీద పెట్టాడు. "మా కాడ గూడ పెండ్లున్నది పంతులూ. మా ఇద్దరు పెదనాయనలకు పదేండ్ల సంది మాటల్లేవు. మూడు ముళ్లు మాకు సాలవ్. ఒక ఐదారు బిగించి పెట్టు!"

ఆ మనిషిని బుజ్జగించి, తాళ్లు ముట్టుకోకుండానే తిప్పి పంపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన వెళ్లిన వెంటనే డైరీ తీసి, స్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని ఈ శపథం రాశాను: "ఇకమీదట నా కంఠంలో ప్రాణముండగా, ఒకరు విప్పిన ముడిని నేను తిరిగి వేయను. అది తాడుదైనా, మూటదైనా, చివరికి నా సొంత పంచెదైనా సరే."

పంచె విషయంలో మాత్రం ఆ సాయంత్రమే సవరణ చేసుకోవలసి వచ్చింది.