గాలి లైను, నీళ్ల లైను

ఆ వీధిలో ప్లంబరు మేస్త్రిని అందరూ లీకు మావయ్య అనేవాళ్లు. ఇళ్లలో లీకులు ఆపుతాడు, ఆ ఇళ్లలో విన్న సంగతులు మాత్రం బయటికి లీకు చేస్తాడు. రెండో పని ఉచితం.

ఆయన నోరు ఊరుకునే రకం కాదు. అన్నం ముందు కూర్చున్నా అంతే. ముద్ద నోట్లో ఉండగానే కబురు నాలిక మీదికి వచ్చేది, దాంతో తరచూ పొలమారేది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని అంటారు కదా. ఆయన దగ్గి దగ్గి, కళ్లు తుడుచుకుంటూ, "ఎవరే నన్ను తలుచుకునేది?" అని భార్యని అడిగేవాడు. ఆవిడ నీళ్ల గ్లాసు ముందుకు తోసి, "ఎవరో నాకేం తెలుసు? నేనైతే కాదు" అనేది. పెళ్లయిన కొత్తలో మొదలైన మాట అది. ఆయన నవ్వేవాడు, ఆవిడ నవ్వేది కాదు. మూతి బిగించి అనడంలోనే ఉంది దాని రుచంతా.

తర్వాత ఆవిడకి పక్షవాతం వచ్చింది. కాలు కొంత తేరుకుంది, మాట ముద్దముద్దగా తిరిగొచ్చింది. మింగినది మాత్రం దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోయేది. గుక్కెడు నీళ్లు తాగితే దగ్గు, దగ్గు వెనక జ్వరం, జ్వరం వెనక ఆసుపత్రి. చివరికి ముక్కులోంచి గొట్టం వేసి అందులో పాలు పొయ్యమన్నారు. మేడల మీదికి నీళ్లు ఎక్కించే మనిషి, సొంత పెళ్లాం గొంతులోకి గ్లాసుడు నీళ్లు దింపలేకపోయాడు. ఆయనకి అది పరువు తక్కువగా అనిపించింది. ఏడుపు కూడా వచ్చింది గానీ, పైకి పరువు సంగతే చెప్పుకున్నాడు.

గొంతు డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. గాలి ముక్కులోంచి కిందికి వస్తుంది, తిండి నోట్లోంచి వెనక్కి వెళ్తుంది. గొంతులో రెండు దారులూ ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి.

మేస్త్రి కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇదెవరు చేసిన పనండీ? మంచినీళ్ల లైనూ మురుగు లైనూ నేనిలా కలిపితే మళ్లీ ఆ గడప తొక్కనివ్వరు."

"ఎవరూ ప్లాను గీసి చేసింది కాదు," అంది డాక్టరమ్మ. "కోట్ల ఏళ్ల కిందట చేపకి తిండిగొట్టం ఒక్కటే ఉండేది. నీళ్లలో గాలి చాలకపోతే పైకొచ్చి నోటితో గాలి మింగేది. ఆ గొట్టానికే పక్కన ఓ సంచి పుట్టింది. మన ఊపిరితిత్తులు అక్కణ్ణుంచి వచ్చినవే. పడగొట్టి కొత్తగా కట్టే వీల్లేదు కదా, ఉన్నదానికే అతుకులు పడుతూ వచ్చాయి."

"అంటే పాత ఇల్లు. లోపల కాపురం ఉండగానే రిపేర్లు." అలాంటి ఇళ్లు ఆయనకి కొత్త కాదు. తిట్టుకుంటూ చేసేవాడు.

"అంతే. పైగా మిగతా జంతువుల్లో చాలావాటికి స్వరపేటిక పైన, ముక్కుకి దగ్గరగా ఉంటుంది. పాలు తాగే పసిపిల్లలకీ అంతే. పెరిగేకొద్దీ మనకి కిందికి దిగుతుంది. దిగబట్టే ఇన్ని మాటలు పలకగలుగుతున్నామని చాలామంది అంటారు. మాట కావాలంటే పొలమారడం కూడా భరించాలి."

లీకు మావయ్య తన గొంతు తడిమి చూసుకున్నాడు. అంతకుముందు దాని మీద ఆయనకి అనుమానం వచ్చిన దాఖలా లేదు.

"ఇప్పుడు ఈ రెండు లైన్లూ విడదీయొచ్చు," అంది డాక్టరమ్మ. "గాలిగొట్టాన్ని గొంతు నుంచి విడదీసి, పై కొస మూసేసి, కింది కొస మెడ దగ్గర బయటికి తెరుస్తాం. ఊపిరి అక్కణ్ణుంచే. ఇక తిన్నది దారి తప్పదు. కానీ గాలి నోటిదాకా రాదు కాబట్టి మాట పోతుంది. తిరిగొస్తుందని ఆశ పెట్టుకోవద్దు."

మేస్త్రిగా అయితే ఆయన అక్కడికక్కడే విడదీయమనేవాడు. మొగుడు గనక ఆలోచించుకుని వస్తామన్నాడు.

ఇంటికొచ్చి మంచం పక్కన స్టూలు వేసుకుని ఏవేవో చెప్పాడు. వేరే మందులుంటాయన్నాడు, మింగడం నేర్పేవాళ్లుంటారన్నాడు. అవన్నీ అయిపోయాయని ఇద్దరికీ తెలుసు. అసలు సంగతి ఆఖర్న బయటపడింది.

"నువ్వు మాట్లాడకపోతే నేనెవరితో మాట్లాడను?"

ఆవిడ మాటలు కూడదీసుకుంది. "నీకు కావాల్సింది... వినేవాళ్లు. చెవులు... బాగానే ఉన్నాయి. నాకు దాహమేస్తోందయ్యా."

దాంతో చర్చ ముగిసింది.

ఆపరేషన్ రోజు పొద్దున ఆవిడ మంచం పక్కన కూర్చుని, టీ తాగుతూ కావాలని గబగబా మాట్లాడాడు. పొలమారితే ఆ "నేనైతే కాదు" ఆఖరుసారి విందామని ఆయన ఆశ. ఇన్నేళ్లూ పిలవకుండా వచ్చిన దగ్గు ఆ పూట రాలేదు. టీ బుద్ధిగా లోపలికి పోయింది.

ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. కొన్ని వారాలకి ముక్కులో గొట్టం తీసేసి, గ్లాసు చేతికిచ్చారు. ఆవిడ మెల్లగా, ఆఖరి చుక్క దాకా తాగి, ఇంకా కావాలని గ్లాసు చాపింది. ఆయన అటు తిరిగి గోడకున్న కుళాయిని చాలాసేపు పరీక్షగా చూశాడు. కుళాయి బాగానే ఉంది.

ఇప్పుడు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తింటున్నారు. ఆయన చెబుతాడు, ఆవిడ వింటుంది. కథ మరీ సాగితే చెంచాతో బల్ల మీద కొడుతుంది. ఓ మధ్యాహ్నం, మూడో అంతస్తు వాళ్ల గీజరు సంగతి చెబుతుండగా ఆయనకి పొలమారింది. దగ్గి దగ్గి, కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ "ఎవరే నన్ను తలుచుకునేది?" అనేశాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

ఆవిడ నీళ్ల గ్లాసు ముందుకు తోసింది. మూతి బిగించింది. తర్వాత బాగున్న చెయ్యి ఎత్తి, చూపుడు వేలు తన గుండెల మీద పెట్టుకుంది.