తాతయ్య పట్టించిన గ్రహణం

కడుపుతో ఉన్న మనిషికి ఏం తినిపించాలో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆమెతో ఎలా మాట్లాడాలో మనలో ఎంతమందిమి ఆలోచించాం?

నా చిన్నప్పుడు, రొంపిచెర్లలోని మా ఇంట్లో ఈ ప్రశ్న నాకు తొలిసారి ఎదురైంది. అప్పుడు మా పిన్ని గర్భిణి. బాబాయి మాచర్ల వైపు క్వారీలో పనిచేస్తూ వారానికొకసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ పిన్నికి నానమ్మ అరుపుల మధ్యే గడిచేవి. "మేం మిరపచేలో కాయలు కోస్తానే బిడ్డల్ని కన్నాం. లోకంలో నీ ఒక్కదానికే వచ్చిందా కడుపు?" అనేది నానమ్మ. పిన్ని నిద్రపట్టక, అన్నం సయించక చిక్కిపోయింది. నరసరావుపేటలో చూసిన డాక్టరమ్మ, బీపీ పెరిగిందని, మనసు కుదుటగా లేకపోతే తల్లికీ బిడ్డకీ మంచిది కాదని చెప్పింది. ఆ మాటను తాతయ్య ఒక్కడే పట్టించుకున్నాడు.

ఆ నెలలోనే సూర్యగ్రహణం వచ్చింది. నానమ్మ నీళ్ళబిందెల మీద గరిక వేసి, పిన్నిని చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టి, గ్రహణం విడిచేదాకా గడప దగ్గర కాపలా కూర్చుంది. మరునాడు పొద్దున్నే మళ్ళీ అరుపులు మొదలయ్యాయి. తాతయ్య లేచి, అవి చెవిన పడకుండా పిన్నిని గదిలోకి పంపి, తలుపు దగ్గరకు వేసి, బిందె మీద గరిక పెట్టాడు.

"ఇదేంది, నిన్ననేగా విడిచింది?" అంది నానమ్మ.

"మళ్ళా పట్టిందే. నువ్వు నోరు మూసిందాకా విడవదు."

నానమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. తాతయ్య మాత్రం ఆమె గొంతు లేచినప్పుడల్లా గరిక తెస్తూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం పిన్ని చేతిలోంచి గిన్నె జారి పప్పంతా ఒలికింది. నానమ్మ నోరు తెరిచింది. పిన్ని కడుపు పట్టుకుని కిందకు వంగబోవడం చూసి ఆగింది. "కూర్చో, నేను ఎత్తుతాలే" అంది. ఆపైన తాతయ్య వైపు తిరిగి, "చూస్తావేంది? గరికంతా నువ్వే పీకితే గేదెకేం మిగిలిద్ది?" అని విసుక్కుంది.

నానమ్మ పూర్తిగా మారిందని నేను చెప్పను. అరుపులు తగ్గాయి, పిన్ని అన్నం తినసాగింది. తమ్ముడు పుట్టాక చిన్న శబ్దానికీ ఉలిక్కిపడి ఏడ్చేవాడు. అది ఆ నెలల గుర్తేనా? ఎవరూ తేల్చి చెప్పలేరు. తీవ్రమైన ఒత్తిడి చాలాకాలం కొనసాగితే గర్భంలోని శిశువు మెదడు ఎదుగుదల మీద ప్రభావం పడవచ్చని ఇప్పుడు చదువుతున్నాను. ఆ 'పడవచ్చు' అన్న మాటే నన్ను కుదురుగా ఉండనివ్వదు. తప్పదంటే దిగాలుపడి ఊరుకుంటాం, ఏమీ కాదంటే మరచిపోతాం. 'కావచ్చు' అన్నప్పుడు మాత్రం చేయగలిగింది ఇంకా మన చేతిలోనే ఉంటుంది. అయితే ఆ మాటనే పట్టుకుని "నువ్వు ఏడ్చావు కాబట్టే" అని తల్లిని నిందించేవారితో నేను ఈనాటికీ వాదిస్తాను. ఏడిపించినవారిని వదిలి ఏడ్చిన మనిషిని నిలదీయడం ఏం న్యాయం?

మీ ఇంట్లో గర్భిణి ఉంటే, ఈరోజే పక్కన కూర్చుని, నిద్ర పడుతోందా, దేనికి భయపడుతున్నావు అని అడగండి. అడ్డు చెప్పకుండా వినండి. ఆ దిగులు తగ్గకపోతే, డాక్టరు దగ్గరికి మీరే తోడు వెళ్ళండి.