పిండిగిర్ని మీది వకీలమ్మ

మా అమ్మ కోసం వకీలును వెతకడానికి మేం పెళ్లిచూపులకు తిరిగినట్టు తిరిగాం. ఉప్పల్‌లో ఒకరిని చూశాం, లాలాపేట్‌లో ఒకరిని చూశాం. ఇద్దరినీ అమ్మే కాదంది. తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి ఇది.

నాచారంలో మా ఇల్లు అమ్మ పేరు మీద ఉంది. బాపు ఫ్యాక్టరీలో ఓవర్‌టైం చేసి ఒక్కో గదే లేపిన ఇల్లు. బాపు పోయాక అందులో అమ్మ, అన్న, వదిన, పిల్లలు ఉండేవాళ్లు. నేను ఉప్పల్‌లో మా ఆయనతో కిరాయింట్లో. అన్నకు పైన అంతస్తు వేయాలని పట్టుకుంది. బ్యాంకు లోను రావాలంటే ఇల్లు తన పేరు మీదికి మారాలి, దానికి అమ్మ గిఫ్ట్ డీడు రాసివ్వాలి అన్నాడు. అమ్మ నాకు ఫోన్ చేసి ఒక్క మాటే అడిగింది.

"సంతకం బెట్టినంక ఎల్లిపొమ్మంటే నేనేడికి వోవాలె బిడ్డా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు ఆటో ఎక్కి వెళ్లి అన్నతో పోట్లాడాను. నా బాధ వాటా గురించి కాదు, అమ్మ గురించే అని వాడకట్టంతా వినేలా చెప్పాను. వాటా గురించి కూడా, కానీ అది అప్పుడు చెప్పే మాటా? చివరికి ఒక మంచి వకీలుతో వీలునామా రాయిద్దామని ఒప్పుకున్నాం. అమ్మ ఉన్నన్నాళ్లూ ఇల్లు ఆమె చేతిలోనే ఉండాలి, ఆ తర్వాత మేమిద్దరం కొట్టుకోకూడదు. మంచి వకీలు అంటే ఎవరన్న దగ్గర మళ్లీ కొట్టుకున్నాం.

మొదటి వకీలు వదినకు దూరపు తమ్ముడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆఫీసు. బోర్డు మీద సివిల్, క్రిమినల్, పెళ్లి రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టు, బోడుప్పల్‌లో ప్లాట్లు, అన్నీ ఉన్నాయి. జాతకాలొక్కటే తక్కువ. అన్నను చూడగానే "బావా" అని లేచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అమ్మ నిలబడే ఉంది. వీలునామా ఎందుకు దండగ, గిఫ్ట్ డీడైతే రేపే రిజిస్ట్రేషన్ చేయించి పడేస్తానన్నాడు. చాయ్ కూడా తెప్పించాడు. అమ్మ ఆ చాయ్ నిలబడే తాగి, సోంచాయించి చెప్తనని బయటికొచ్చేసింది.

రెండో వకీలును నేను తెచ్చాను. మా ఆయనతో పనిచేసే అతని బావమరిది. నన్ను "అక్కా" అన్నాడు, ఎంత సంస్కారం అని మురిసిపోయాను. తెల్లకాగితం మీద మా ఇంటి బొమ్మ వేసి, స్కేలు పెట్టి నడిమధ్యన గీత గీశాడు. కుడి సగం అన్నకు, ఎడమ సగం అక్కకు. ఆ గీత సరిగ్గా మా వంటింట్లోంచి పోయింది. అమ్మ కాగితాన్ని దగ్గరికి లాక్కుని, గ్యాసు పొయ్యి ఎవరి దిక్కు వస్తది, సిలిండర్ ఎవరి దిక్కు వస్తది అని అడిగింది. అతను నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

బస్టాపు దాకా వచ్చాక అంది: "నేనేడ ఉండాల్నో ఆ బొమ్మల లేదు."

మూడో వకీలును అమ్మే చూసుకుంది. జొన్నలు పట్టించడానికి పిండిగిర్నికి వెళ్తే మేడ మీద బోర్డు కనిపించిందట. కోస్తా నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డావిడ. అన్నకు ఆ గిర్నీ నచ్చలేదు, ఆ కోస్తా నచ్చలేదు. ఆ రోజుల్లో ఊరంతా అదే గొడవ కదా, మన ఇంటి ముచ్చట్లు ఆంధ్రామెకు చెప్పుకునుడేందని గునిశాడు. ఇల్లు నాది, ముచ్చట నాది అని అమ్మ మెట్లెక్కింది. వెనకే మేమూ ఎక్కాం.

వకీలమ్మ కళ్లద్దాల మీద కూడా సన్నగా పిండి పేరుకుని ఉంది. ఒక్క అమ్మకే కుర్చీ వేసింది. మమ్మల్నిద్దరినీ బయట కూర్చోమంది. నేను కొడుకునండీ అన్నాడు అన్న. అందుకే బయటికి వెళ్లమంటున్నా అందావిడ. నాకేదో మినహాయింపు ఉన్నట్టు నేను కూతుర్నని చెప్పాను. తలుపు వేసేసింది. ఎంత పొగరు!

మెట్ల మీద కూర్చున్నాం. లోపలి మాటలు వినపడతాయేమోనని చెవులు రిక్కిస్తే గిర్ని చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో కింద మిరపకాయలు పట్టడం మొదలుపెట్టారు. ఇక మా పని అయిపోయింది. అన్న తుమ్ముతున్నాడు, నేను దగ్గుతున్నాను, ఇద్దరికీ కళ్ల నీళ్లు ధారలు. కారం పట్టించుకోవడానికొచ్చిన ఒక పెద్దామె మమ్మల్ని చూసి కరిగిపోయింది. విడాకులు గిట్ల తీసుకోవద్దు, పిల్లల ముఖం చూసి సర్దుకపోవాలె అని మా ఇద్దరి తలలూ నిమిరింది. ఇది నా చెల్లె అని అన్న చెప్పబోయాడు గానీ తుమ్ములు చెప్పనివ్వలేదు. గిఫ్ట్ డీడు మాట వచ్చాక నేనూ అన్నా కలిసి నవ్వడం అదే మొదలు.

లోపలికి పిలిచేసరికి ఇద్దరం ఎర్రటి కళ్లతో నిలబడ్డాం. అమ్మ మాత్రం చల్లగా కూర్చుని ఉంది. ఆమె ఉన్నంతకాలం ఇల్లు ఆమెదే, సంతకం పెట్టమని ఎవరూ బలవంతం చేయడానికి లేదు, వీలునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు అని చెప్పింది వకీలమ్మ. సాక్షి సంతకాలకు మేమిద్దరం పనికిరామంది. వీలునామాలో అమ్మ ఏం రాయించిందో మాత్రం మాకు చెప్పలేదు.

ఆటోలో అన్న ఉండబట్టలేక, ఎవలకు రాసినవమ్మా అని అడిగాడు. అమ్మ ఆ మాట వదిలేసి, వకీలమ్మ అన్నిటికంటే ముందు తనను ఏమడిగిందో చెప్పింది. ఆ ఇంట్లో ఏ గదిలో పడుకుంటావమ్మా అని అడిగిందట. ముందటి అర్రలో కంప్యూటర్ వచ్చినకాడి నుంచి వంటింట్లనే, కింద చాప మీద, అని చెప్పిందట. అమ్మ మామూలుగానే చెప్పింది, నిష్ఠూరం లేదు. అన్న ఆటో బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక అమ్మ నేరుగా వెళ్లి ముందు గదిలో నిలబడింది.

"ఎవలకు రాసిన్నో నేను వోయినంక తెలుస్తది. ముందుగాల నా మంచం ఈ అర్రల ఎయ్యిండ్రి."

అన్న కంప్యూటర్ వైర్లు పీకాడు. బల్ల ఒక పక్క వాడు, ఒక పక్క నేను పట్టుకుని బయటికి తెచ్చాం. మేడ మీద ఎండకు పడి ఉన్న మంచం కిందికి దించాం. వదిన దుప్పటి పరిచింది. అమ్మ ఫ్యాను వేసుకుని పడుకుని, రెండు నిమిషాల్లో గురక పెట్టింది. ఆ మధ్యాహ్నం వారసులమిద్దరం వంటింట్లో, కింద చాప మీద కూర్చుని అన్నం తిన్నాం.